‘యథాస్థానక’మా, ‘యథాస్థానిక’మా?

పలకబలపం: భాస్కరాచార్యుడి గణిత గ్రంథం లీలావతిలో కూడిక, తీసివేతల సూత్రం సగమే నోట్లో ఆడుతోంది. ‘కార్యః క్రమాదుత్క్రమతోఽథవాంక’ దాకా సరే. తర్వాతది ‘యోగో యథాస్థానకమంతరం వా’నా, ‘స్థానిక’మా? అంకెల్ని వరసగానో తిరగేసో, ఏ స్థానానికా స్థానం కూడాలి లేదా తీసేయాలి అని భావం. మూడో తరగతి తీసివేత చార్టుకి మకుటంగా పెట్టాలి.

అడిక్‌మెట్ అయ్యవారు: ఇంద్రవజ్ర వృత్తం కదండీ, గణాలు త-త-జ-గగ. మీరడిగిన అక్షరం రెండో త-గణం చివరిది. ‘న’ అయినా ‘ని’ అయినా లఘువే, ఛందస్సు సాక్ష్యానికి రాదు. అర్థం చూస్తే ‘నక’కే నా ఓటు: స్థానకమంటే స్థానమే, స్థానికమంటే ఆ చోటిది. అయినా అసలు తగువు ‘క్రమాత్’ దగ్గర. అంకానాం వామతో గతిః, అంకెల నడక ఎడమకి, అన్నారు గనక క్రమం ఒకట్ల నుంచి. ఉత్క్రమమంటే ఎడమ నుంచి.

రామ్‌నగర్ రామశాస్త్రి: ఎడమ నుంచీ లెక్క కుదురుతుంది. 403లోంచి 168: వందల్లో 300 మిగులు, పదుల్లో 60 లోటు, ఒకట్లలో 5 లోటు. 300, 240, 235. కొట్టివేతే లేదు.

పుల్లలకట్ట: లోటు సంగతి తర్వాత, ముందు పుల్లలు పట్టించండి. 52లోంచి 27 అంటే పిల్లలు 7లోంచి 2 తీసేసి 35 అంటారు, చిన్నది పెద్దదాంట్లోంచే పోవాలని కదా మనం నేర్పింది! 5 కట్టలు, 2 విడి పుల్లలు పెట్టి ఒక కట్ట రబ్బరు బ్యాండు విప్పిస్తే 4 కట్టలు, 12 పుల్లలు. అంకెలు కొట్టేయడం ఆ తర్వాతే. 403లో సున్న దగ్గర వంద కట్ట విప్పితే 10 పదులు, అందులో ఒకటి మళ్లీ విప్పాలి: 3 వందలు, 9 పదులు, 13. ఆ 9 మరిచి వంద నుంచి నేరుగా ఒకట్లకి దూకుతారు. ఇంకో సంగతి, ‘అప్పు’ అనకండి. విప్పడమే.

అడిక్‌మెట్ అయ్యవారు: పదులిల్లు ‘అప్పిచ్చువాడు’ అన్నమాట! బద్దెన ఊరుకోడు. అప్పంటే తీర్చాలిగా?

రామ్‌నగర్ రామశాస్త్రి: తీర్చే పద్ధతీ ఉంది. 52−27లో పైన ఒకట్లకి 10, కింద పదులకి 1 కలపండి. 12లో 7 పోతే 5, 5లో 3 పోతే 2. ‘అప్పు’ మాట అతికేది దానికే. విప్పేదానికి తగిలించడం మన పొరపాటు.

చార్మినార్ దక్కనీ: ఊనం, అంటే తక్కువ, మరిచారు. ఏకోనవింశతి (19), మన గల్లీ ఉన్నీస్ (19), ఉన్తీస్ (29), ఉన్చాస్ (49) అన్నీ ‘ఒకటి తక్కువ’లే. 9 తీసేయడమూ అంతే, పది తీసి ఒకటి కలపడం. 83−9, 73−9, 63−9 వరుసగా రాయిస్తే 74, 64, 54: పదులు ఒకటి దిగి, ఒకట్లు ఒకటి ఎక్కుతాయి. ఒకట్ల చోట 9 ఉంటేనే ఆగాలి: 89−9కి విప్పే పనే లేదు.

పలకబలపం: అయితే ‘న’ రాయించమంటారా?

చార్మినార్ దక్కనీ: ఉండండి, 89 నవాసీ, 99 నిన్యానవే అయ్యాయి, వాటికి ఊనం ఎందుకు అంటలేదు?

అడిక్‌మెట్ అయ్యవారు: నవాశీతి, నవనవతి సంస్కృతంలోనే ఉన్నాయి లెండి. ‘ఏకోన’ మీద ఇంకో చర్చా దారం తెరుద్దామా?