క్షయకరణ విభజన నోట్సు ఎలా కుదించుకోవాలి?

ప్రశ్న (విజయవాడ): సీనియర్ ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది, క్షయకరణ విభజన (మియోసిస్, అంటే బీజకణాలు తయారయ్యేటప్పుడు క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణవిభజన) రాయబోతే, మొట్టమొదటి మెట్టయిన లెప్టోటీన్ దాటి కలం కదలదు. నీట్‌లో 720 మార్కులకు 360 జీవశాస్త్రానివే కదా, దిగులుగా ఉంది. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల మధ్య ఎవరిదో చేతిరాత నోట్సు దొరికింది. దాన్ని నమ్ముకోవచ్చా?

జవాబు (గుంటూరు, వృక్షశాస్త్రం చెబుతాను): వద్దమ్మా. ఆ నోట్సు రాసుకున్నవారికే ఎక్కువ ఉపయోగం. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద మొదటి ప్రొఫేజ్ (ఈ విభజన ఆరంభ దశ)లోని ఐదు మెట్లూ బొమ్మలుగా వెయ్యి. ఒక క్రోమోజోముకు ఎర్రసిరా, దాని జతకు నీలిసిరా. జైగోటీన్‌లో రెండూ జతకడతాయి. పాకిటీన్‌లో ముక్కలు మార్చుకుంటాయి, అంటే నీలం కొసన ఎరుపు కనబడాలి. డిప్లోటీన్‌లో విడిపోతూనే కయాస్మాల (ముక్కలు మార్చుకున్న చోట పడే ముడుల) దగ్గర అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ ముడి నీ చేత్తో వేశాక మరచిపోవడం కష్టం! డయాకైనసిస్‌లో కయాస్మాలు కొసలకు జరుగుతాయి. గుర్తురానివి పుస్తకం చూసి పెన్సిలుతో నింపు. మర్నాడు ఆ పెన్సిలు గీతలే నీ నోట్సు. మా విద్యార్థులందరి చేతా ఇలాగే వేయిస్తాను.

జవాబు (వైద్య విద్యార్థి): విభజనకు బొమ్మలు సరే, శ్వాసక్రియ పాఠానికైతే ఇలా లెక్క రాసుకో చెల్లీ. క్రెబ్స్ వలయం (కణం ఆహారం నుంచి శక్తిని తీసే చర్యల చక్రం) ఒక్క చుట్టుకు శక్తిని మోసే అణువులు మూడు ఎన్‌ఏడీహెచ్, ఒక ఎఫ్‌ఏడీహెచ్2, ఒక జీటీపీ, వాటితోపాటు రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు. ఒక గ్లూకోజుకు రెండు చుట్లు, కాబట్టి అన్నీ రెట్టింపు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు మేడమ్, అన్నయ్యా. లెప్టోటీన్‌లో రెండు రంగులనూ విడివిడిగా సన్నని దారాల్లా వేస్తే సరిపోతుందా?

గుంటూరు మేడమ్: సరిపోతుందమ్మా. జత కట్టేది ఆ తర్వాతే.