స్టెప్పర్ మోటార్ కరెంట్ కంట్రోల్‌కి ఏ డ్రైవర్ చిప్ మంచిది?

సిద్దిపేట_సీఎన్‌సీ: చెక్క మీద నేమ్ ప్లేట్లు చెక్కే చిన్న మెషీన్ కడుతున్నా. నీమా 17 సైజు స్టెప్పర్ మోటార్లు (అడుగడుగుగా తిరిగేవి), ఫేజ్‌కి (ఒక్కో కాయిల్‌కి) 1.5 ఆంపియర్లు, సప్లై 24 వోల్టులు. ఇప్పుడున్న డ్రైవర్ చిప్ (మోటార్‌కి కరెంట్ అందించేది) ఏ4988 కాసేపు నడిచి, కాలిపోయేంత వేడెక్కి ఆగిపోతోంది. డీఆర్‌వీ8825కి మారాలా, టీఎంసీ2209కా?

లేయర్‌షిఫ్ట్: 2209 తీసుకో అన్నా, ఇంక ఆలోచించకు. నా ప్రింటర్ రాత్రంతా నడిచినా పక్క గదిలో పిల్లలు లేవరు.

కోఠి_పార్ట్స్: చెక్కని చెక్కే రౌటర్ గోలలో స్టెప్పర్ మోటార్ చప్పుడు ఎవరికి వినపడుతుంది? ముందు ఉన్న చిప్‌ని సరిగ్గా సెట్ చేసుకోమనండి. ఏ4988కి వీరెఫ్ (కరెంట్ హద్దు పెట్టే వోల్టేజ్) అంటే 8 × కరెంట్ × సెన్స్ రెసిస్టర్ (కరెంట్‌ని కొలిచే చిన్న రెసిస్టర్). 0.1 ఓమ్ అయితే 1.5 ఆంపియర్లకి 1.2 వోల్టులు. అంతే.

రాగితీగ: అంతే ఎలా అవుతుంది? బోర్డును బట్టి 0.05, 0.068, 0.1 మూడూ వస్తున్నాయి. 0.05 ఉన్న బోర్డుకి మీ 1.2 పెడితే లెక్క 3 ఆంపియర్లు. చిప్ గరిష్ఠమే 2. ఇలాంటి సలహాలతోనే కొత్తవాళ్ల బోర్డులు పోతున్నాయి.

కోఠి_పార్ట్స్: "0.1 ఓమ్ అయితే" అని రాశాను. చదివి మాట్లాడండి.

ఎల్297_నాటి_మనిషి: ఇద్దరూ ఆగండి. ఎల్297, ఎల్298 అనే పాత చిప్‌లు జత కట్టి చాపర్ (కరెంట్‌ని ఆన్-ఆఫ్ చేస్తూ అదుపు చేసే సర్క్యూట్) నడిపిన కాలం నుంచి ఈ పనిలో ఉన్నాను. మీరు లెక్కేసింది పీక్ కరెంట్. మైక్రోస్టెప్పింగ్‌లో (ఒక్కో స్టెప్పుని చిన్న ముక్కలుగా నడపడం) 1.5 పీక్ అంటే ఆర్ఎంఎస్ (వేడి లెక్కన సమానమైన స్థిర కరెంట్) 1.06 మాత్రమే. 2209కి ఫర్మ్‌వేర్‌లో (మెషీన్‌ని నడిపే ప్రోగ్రామ్) ఇచ్చేది ఆర్ఎంఎస్. ఈ తేడా తెలియనివాళ్లు ఫార్ములాలు పంచకూడదు.

రాగితీగ: సార్, మోటార్ రేటింగ్ రెండు ఫేజ్‌లూ ఆన్‌లో ఉండగా ఇస్తారు. వేడి లెక్కన 1.5 ఆర్ఎంఎస్, అంటే 2.12 పీక్ దాకా వెళ్లొచ్చు కదా?

ఎల్297_నాటి_మనిషి: తిరుగుతున్నంతసేపూ సరే. సరిగ్గా పీక్ దగ్గర ఆగి నిలబడితే ఆ 2.12 ఒక్క కాయిల్ మీదే పడుతుంది. నీమా 17ని అలా గంటలు వదిలేస్తావా తమ్ముడూ?

గుంటూరు_ప్రింట్స్: 8825 గురించి ఎవరూ చెప్పరేం? 45 వోల్టులు, 1/32 మైక్రోస్టెప్ అని చూసి కొన్నా. కాయిల్ రెసిస్టెన్స్ తక్కువైన మోటార్‌కి తక్కువ కరెంట్ దగ్గర మైక్రోస్టెప్‌లు మింగేస్తుంది, ప్రింట్ గోడల మీద చారలు. కరెంట్ పెరిగేటప్పుడు స్లో డికేలో (కాయిల్ కరెంట్ నెమ్మదిగా తగ్గే పద్ధతి) ఉండిపోవడం దీనికి కారణం. కాయిల్స్‌కి డయోడ్ల బోర్డు సిరీస్‌లో పెట్టాకే తగ్గింది.

నీమా23: ఈ చిట్టి బోర్డులు వదిలేసి డబ్బాలో వచ్చే పెద్ద డ్రైవర్ కొనండి. కానీ టీబీ6600 అని అమ్మేవాటిలో 1/32 స్విచ్ ఉందంటే లోపల ఆ చిప్ లేనట్టే. టీబీ6600 హద్దు 1/16. నా దాంట్లో టీబీ67ఎస్109 ఉంది. బాగానే నడుస్తోంది గానీ, 5 ఆంపియర్లని చెప్పి అమ్మడం మోసం కాదా?

కోఠి_పార్ట్స్: అన్ని షాపులనీ ఒకే గాటన కట్టకండి.

సిద్దిపేట_సీఎన్‌సీ: నా బోర్డు సెన్స్ రెసిస్టర్ మీద ఆర్068 (అంటే 0.068 ఓమ్) అని ఉంది. షాపులో సెట్ చేసి ఇచ్చిన వీరెఫ్ మీటర్‌లో 1.1 చూపిస్తోంది.

రాగితీగ: అంటే 2 ఆంపియర్లు! థర్మల్ షట్‌డౌన్ (వేడికి చిప్ తనంతట తానే ఆగిపోవడం) కాక ఇంకేమవుతుంది? 0.6కి దించు, 1.1 ఆంపియర్లు వస్తాయి. హీట్ సింక్ అంటించి, ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టు. టార్క్ చాలకపోతే అప్పుడు చిప్ మార్చు.

లేయర్‌షిఫ్ట్: మారిస్తే మాత్రం 2209నే.

ఎల్297_నాటి_మనిషి: సరే, 2209 పెట్టుకో. కానీ చెక్కుడు పనికి స్టెల్త్‌చాప్ (దాని చప్పుడు లేని మోడ్) వద్దు. వేగం పెరిగినప్పుడు లోడ్ పడితే స్టెప్పులు తప్పుతుంది. స్ప్రెడ్ పిన్ హై చేసి స్ప్రెడ్‌సైకిల్ అనే రెండో మోడ్‌లో నడుపు. సప్లై 29 వోల్టులు దాటకూడదు. వీమోట్ (మోటార్ సప్లై పిన్) దగ్గర 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు. పవర్ ఉండగా మోటార్ కనెక్టర్ పీకావంటే ఏ చిప్పైనా పోవచ్చు.