సమస్య: చూడనట్టివాఁడె చూచె గెలుపు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

చూడనట్టివాఁడె చూచె గెలుపు

షరతు ఒకటే. అమెరికాలోని పిట్స్‌బర్గ్ ఊరి ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప టచ్‌డౌన్ ఏదో మీ పద్యం చెప్పాలి. పిట్స్‌బర్గ్ దగ్గరి పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడిలో పులిహోర తింటూ మొదలుపెట్టిన తగవు ఎన్నేళ్లయినా తెగలేదు కనుక ఇక్కడికి తెచ్చాను. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, అమెరికా వారిది. బంతితో ప్రత్యర్థి గోల్ గీత దాటడమే టచ్‌డౌన్. ఒక హెచ్చరిక: ‘టచ్‌డౌను’ త-గణం (గురువు, గురువు, లఘువు), అంటే ఇంద్రగణం. బేసి పాదాల చివరి రెండు గణాల్లో తప్ప ఇమడదు. అన్నీ సూర్యగణాలే ఉండే సరి పాదాల్లోకి లాక్కొచ్చి గణాలు విరగ్గొట్టకండి.

మూడునదులు:
1972 డిసెంబర్ 23 తప్ప మరొకటి ఉందా? ఓక్లండ్ రైడర్స్ 7, మనవాళ్లు 6. మిగిలింది 22 సెకన్లు, నాలుగోది, చివరి ప్రయత్నం, పది గజాలు కావాలి. మన బ్రాడ్‌షా విసిరిన బంతి మన ఫుక్వా, వాళ్ల టేటమ్ ఢీకొన్న చోట తగిలి వెనక్కి ఎగిరింది. అడ్డు కాయవలసిన ఫ్రాంకో హారిస్ ఆ పని వదిలి బంతి వైపు పరుగెత్తుతూ, అది నేలకు జానెడు ఎత్తులో ఉండగా అందుకుని గీత దాటాడు. 1933లో జట్టు పెట్టిన ఆర్ట్ రూనీ నలభై ఏళ్లు ఎదురుచూసిన తొలి ప్లేఆఫ్ (నాకౌట్) గెలుపు అది. ఆటగాళ్లను ఓదార్చడానికి అప్పటికే ఆయన లిఫ్టు ఎక్కేశారు.

ఓటమియని లిఫ్టు నోదార్పుకై యెక్కి
క్రింది కేగె నంతఁ గేక లెగసె
తలుపు తెరచునంతఁ దన జట్టు గెలిచెను
చూడనట్టివాఁడె చూచె గెలుపు

నిర్వాహకుడు:
మూడునదులు గారూ, లిఫ్టు పద్యంలోకి హాయిగా ఎక్కింది. ‘అంత’ వెంటవెంటనే రెండుసార్లు పడింది. అదీగాక ‘కేగె నంత’ అంటే ఆయన కిందికి చేరాక కేకలు లేచాయన్న అర్థం వస్తుంది. ‘క్రింది కేగుచుండఁ గేక లెగసె’ అంటే ఆ క్షణంలో ఆయన నాలుగు గోడల మధ్య ఉన్నాడని తెలుస్తుంది. సమస్యకు ప్రాణం అక్కడే ఉంది.

రేడియోరాగం:
రూనీ గారొక్కరే ఏమిటి? ఊరు ఊరంతా చూడలేదు. టికెట్లన్నీ అమ్ముడైనా సొంత ఊళ్లో ఆట టీవీలో రాకూడదన్నది అప్పటి లీగు పద్ధతి. 1973లో గాని సడలలేదు.

సొంత యూర నాటఁ జూపవు టీవీలు
రేడియోను నమ్మి రెల్ల జనులు
చెవులె కన్నులయ్యెఁ జిత్ర మా నగరాన
చూడనట్టివాఁడె చూచె గెలుపు

మూడునదులు:
మూడో పాదం నాకు అసూయ పుట్టించింది. కానీ ‘ఎల్ల జనులు’ అని బహువచనంలో మొదలుపెట్టి ‘వాఁడె’ అని ఏకవచనంలో దిగారేమిటండీ?

రేడియోరాగం:
జాత్యేకవచనం అనుకోండి, ఒక్కడి పేర అందరూ.

నిర్వాహకుడు:
ఇబ్బందుల్లో పడ్డ కవులందరినీ ఆ జాత్యేకవచనమే ఒడ్డున పడేస్తోంది! సరే, ఒప్పుకున్నాం.

గజమిత్ర:
అందరూ 1972 దగ్గరే ఆగిపోతే ఎలా? 2009 ఫిబ్రవరి 1, టాంపా, సూపర్ బౌల్, అంటే లీగు ఫైనల్. ప్రత్యర్థి అరిజోనా కార్డినల్స్ మన గోల్ గీత ముంగిట ఉంది, తొలి సగం ముగియవస్తోంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకవలసిన మన జేమ్స్ హారిసన్ వెనక్కి తగ్గి దారి కాచాడు. ఆ క్వార్టర్‌బ్యాక్ కర్ట్ వార్నర్ బంతిని నేరుగా అతని చేతుల్లోకే విసిరాడు.

గీతదరినె పొంచి కెరలి బంతినిఁ బట్టి
నూరు గజాలు పోయి చేరె గట్టు
దృష్టి వేరుచోటఁ దిరమైన వార్నరు
చూడనట్టివాఁడె చూచె గెలుపు

నిర్వాహకుడు:
భళా! అందరూ ‘చూడనివాడు’ అంటే కన్నులు పెట్టనివాడనే తీసుకున్నారు. మీరు వార్నరును కర్తను చేసి, అతని కంట పడనివాడని తిప్పారు. సమస్యను విరిచే పద్ధతి ఇదీ. ‘నూరు గజాలు’లో మాత్రం గణభంగం ఉంది. ‘గజాలు’ జ-గణం (లఘువు, గురువు, లఘువు), సూర్యగణాల్లో దానికి చోటు లేదు. ‘నూరు గజము లురికి చేరె గట్టు’ అనండి. నూరు, చేరె ప్రాసయతి ఎలాగూ కుదిరింది. ‘పోయి’ కన్నా ‘ఉరికి’ బలమైన మాట. పరుగు చివర అతను ఊపిరాడక అక్కడే పడిపోయాడు కదా!

పసుపుతుండు:
అదే ఆటలో ఇంకా 35 సెకన్లు ఉండగా సాంటోనియో హోమ్స్ పట్టిన బంతి సంగతి? మూలన ముగ్గురు మీదికి వస్తుంటే రెండు కాళ్ల మునివేళ్లూ గీత లోపల ఆనించి పట్టాడు. 27-23తో కప్పు మనది.

మూలఁ గాలివేళ్లు మోపి హోమ్స్ పట్టగా
కనులు మూసికొంటి గడియ సేపు
పసుపు తుండుగుడ్డ పై కెగిరిన వేళ
చూడనట్టివాఁడె చూచె గెలుపు

గజమిత్ర:
రెండో పాదంలో ‘మూసికొంటి’ అని మీరు మాట్లాడి, నాలుగో పాదంలో ఎవడో ‘వాఁడె’ చూశాడంటే అన్వయం తెగింది. ‘కనులు మూసికొనియెఁ గడియ సేపు’ అంటే సరిపోతుంది. తుండుగుడ్డ బాగా ఎగిరింది. దాన్ని 1972 పద్యంలో ఎగరేసి ఉంటే కాలదోషం వచ్చేది. స్టీలర్స్ అభిమానులు ఊపే ఆ పసుపు తువ్వాలు పుట్టింది 1975లో.

నల్లచొక్కా:
నేను ఓక్లండ్ పక్షం. మీ సంబరంలో అడ్డుపుల్ల వేస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. దాడి చేసే జట్టులో ఒకరిని తాకిన బంతిని, మధ్యలో ఎదుటివాడికి తగలకుండా, అదే జట్టులో రెండోవాడు పట్టకూడదని ఆనాటి నిబంధన. బంతి తగిలింది ఫుక్వాకా, టేటమ్‌కా? రెఫరీ ఫ్రెడ్ స్వేరింజన్ పత్రికలవారి గదికి ఫోను చేసి మాట్లాడాక గాని చేతులెత్తి టచ్‌డౌన్ ఇవ్వలేదు.

తాకె నెవరి నంచుఁ దగవులాడెడి వేళ
ఫోను చేసి రెఫరి పొందె తీర్పు
చెంతనున్న కనులు చెప్పలే దేమియు
చూడనట్టివాఁడె చూచె గెలుపు

మూడునదులు:
నల్లచొక్కా గారూ, రీప్లే చూసి తీర్పు మార్చే పద్ధతి అప్పటికి లేదు. ఆయన ఫోనులో మాట్లాడింది రెఫరీల పర్యవేక్షకుడితో. ‘పొందె తీర్పు’ అంటే తీర్పు అరువు తెచ్చుకున్నట్టుంది.

నల్లచొక్కా:
కవి ఉద్దేశం అదే.

నిర్వాహకుడు:
నిందాస్తుతికి యతులూ గణాలూ ఇంత శుభ్రంగా కుదరడం మా దురదృష్టం. దోషం పట్టడానికి రెండుసార్లు చదివాను, దొరకలేదు.

ఇక తీర్పు. పద్యంగా గజమిత్ర గారిది మొదటిది. టచ్‌డౌన్‌గా మాత్రం నా ఓటు ఫ్రాంకోకే. హోమ్స్ మునివేళ్లను ఎన్నో కెమెరాలు పట్టాయి, అక్కడ వాదానికి తావు లేదు. ఫ్రాంకో పట్టిన బంతి ఎవరిని తాకి ఎగిరిందో ఉన్న ఫిల్మును ఎన్నిసార్లు తిప్పినా తేలదు. పైగా మరుసటి ఆటలో మయామీ చేతిలో ఓడిపోయిన ఏడాది అది, కప్పు కూడా రాలేదు. అయినా పిట్స్‌బర్గ్ విమానాశ్రయంలో జార్జ్ వాషింగ్టన్ పక్కన వంగి బంతి అందుకుంటున్న బొమ్మ ఫ్రాంకోదే. 2022 డిసెంబరులో, ఆ ఆటకు యాభై ఏళ్లు నిండడానికి మూడు రోజుల ముందు ఆయన పోయారు. ఆ వారాంతంలో ఆయన 32వ నంబరు చొక్కాకు జట్టు శాశ్వత విశ్రాంతినిచ్చింది. ఎదుట ఆడింది రైడర్సే.

నల్లచొక్కా:
ఆ రోజు 13-10తో మేమే ఓడాం. ఆ లెక్క కూడా రాసుకోండి.

నిర్వాహకుడు:
రాసుకున్నాం. వచ్చే వారం సమస్య, మళ్లీ ఆటవెలదే:

గెలుపు లేని జట్టె గెలిచె నేఁడు

ఈసారి ఏ ఆటైనా సరే. జాత్యేకవచనం మాత్రం వద్దు.