ఈ వారపు సమస్య: వైద్యుఁ జూచిన రోగంబు వచ్చు నిజము

నిర్వాహకులు:
సభ్యులందరికీ నమస్కారం. ఈ వారపు పాదం ఇది. దీన్ని చివరి పాదంగా ఉంచి, పై మూడు పాదాలు రాసి అర్థం కుదర్చడమే పూరణ.

వైద్యుఁ జూచిన రోగంబు వచ్చు నిజము

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా, "ఆస్పత్రికి పోతే లేని జబ్బులన్నీ బయటపెడతారు" అనే మాట చెవిన పడకుండా లేచి రాలేము. నిన్న ఆ మాటే మళ్ళీ వినబడితే ఈ పాదం తట్టింది. ఒంట్లో బాగాలేకపోయినా, దెబ్బ తగిలినా ఇంటివారు వైద్యుని గడప తొక్కకపోవడం గురించే పూరణలు ఉండాలని మనవి. దేవవైద్యులైన అశ్వినీదేవతల వైపు వెళ్ళవద్దు.

మైపాడు కెరటం:

కాలు విరిగినఁ బుత్తూరు కట్టు చాలు;
కామెరలు వచ్చెనా త్రాగఁ గలదు పసరు;
అవ్వ మాటలె యీనాఁటి కమ్మ నోట:
వైద్యుఁ జూచిన రోగంబు వచ్చు నిజము.

కందుకూరు మాస్టారు:
కెరటం గారూ, అసంబద్ధమైన పాదాన్ని ఎవరో ఒకరి నోట పలికించడం పూరణల్లో అన్నిటికన్నా సులువైన దారి. అయినా మీరు ఆ దారిలో వెళ్ళి కూడా ఒక పని చేశారు. మాటను ఒక్కరికి అంటగట్టకుండా అవ్వ నుండి అమ్మకు దించారు. మన ఇళ్ళలో ఈ మొండితనం ఆస్తి పంచుకున్నట్టు తరం నుండి తరానికి వస్తుంది. 'నాఁటి కమ్మ' దగ్గర యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం పొసగడం) కూడా హాయిగా కూర్చుంది.

మైపాడు కెరటం:
ధన్యవాదాలు మాస్టారూ. పసరును ఎగతాళి చేయాలని నేను రాయలేదు. కామెర్లలో ఎక్కువ భాగం కలుషితమైన నీటివల్ల, తిండివల్ల వచ్చేవి. అవి కొన్ని వారాల్లో చాలామందికి వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ తగ్గడం పసరు తాగిన తరువాత జరుగుతుంది కాబట్టి పేరంతా పసరుకే దక్కుతుంది. రక్తం ద్వారా సోకే హెపటైటిస్ బి, సి అలా పోకుండా కాలేయంలో ఏళ్ళ తరబడి ఉండిపోవచ్చునని అవ్వకు చెప్పేవారు లేరు. పుత్తూరు కట్టు సంగతీ అంతే. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పేర్చి, గుడ్డతో బిగించి కట్టే ఆ నేర్పును నేను గౌరవిస్తాను. చర్మం చీలి ఎముక పైకి కనబడుతున్న కాలుకు కూడా అదే చాలునని పుత్తూరు బస్సెక్కించడమే నా బాధ. బిగుతు ఎక్కువై నెత్తురు ఆడకపోతే వేళ్ళు నల్లబడతాయి. అప్పటికి కాలును నిలబెట్టే సమయం దాటిపోతుంది.

ఉదయగిరి దుర్గం:

నాడి పట్టక, నోటిలో నాల్కఁ జూడ
కన్నిటికి నొక్క సూదియే యనెడి వాని,
నాలుగూళ్ళకు నొక్కఁడై నడచు నొక కు
వైద్యుఁ జూచిన రోగంబు వచ్చు నిజము.

నిర్వాహకులు:
'నొక కు' దగ్గర ఆగి, కింది పాదంలో అడుగుపెట్టగానే 'కువైద్యుఁడు' ఎదురుపడ్డాడు. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కదపకుండా నిందను మంచి వైద్యుని మీద నుండి తప్పించారు.

కందుకూరు మాస్టారు:
దుర్గం గారి చమత్కారాన్ని కాదనను. అయితే ఈ చమత్కారం మనకు పాతదే. కిందటి శ్రావణంలో ఇచ్చిన సమస్యకు కూడా వారు మూడవ పాదం చివర 'అ' అనే ఒంటి అక్షరాన్ని నిలబెట్టి, కింది పాదంలోని ధర్మాన్ని అధర్మంగా మార్చారు. అప్పుడు మెచ్చుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు 'అ' స్థానంలో 'కు' వచ్చింది. పాదం దాటి పదం నడవడం మన పద్యానికి కొత్త కాదు కాని, సమస్య ఏదైనా తాళంచెవి ఒక్కటే అయితే తలుపు తెరుచుకున్న సంతోషం పాఠకునికి మిగలదు.

ఉదయగిరి దుర్గం:
మాస్టారు గారికి నా శ్రావణమాసపు పూరణ ఇంకా కంఠస్థంగా ఉన్నందుకు సంతోషం. 'అ' అనేది అక్కడ వ్యతిరేకార్థం మాత్రమే ఇచ్చింది; 'కు' ఇక్కడ ఒక మనిషిని నిలబెట్టింది. రెండూ ఒకటి కావని నా మనవి. యతుల గురించి వారు ఏమీ అనలేదు కాబట్టి, రెండవ పాదంలో 'జూడక' అన్నది 'అన్నిటికి'తో కలిసిన చోటు వారికి నచ్చిందనే అనుకుంటాను.

కందుకూరు మాస్టారు:
నచ్చింది. ఆ సంధిలో అకారానికి 'యనెడి' చక్కగా సరిపోయింది.

గుండ్లకమ్మ:
దుర్గం గారి పద్యం బాగుంది కాని విషయంలో నాకు ఒక అభ్యంతరం ఉంది. ఊళ్ళో సూది వేసే ఆరెంపీని తప్పుపట్టడంతో మన ఇళ్ళ సంగతి తేలిపోదు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది అతడే, డబ్బు పంట చేతికి వచ్చాక ఇవ్వమనేది అతడే, రోగి పక్కన కూర్చుని పేరు పెట్టి పిలిచేది అతడే. ఒంగోలుకో నెల్లూరుకో వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోవాలి, తోడుగా వచ్చేవారి కూలి పోవాలి, చీటీ రాయించుకున్న తరువాత వరుసలో నిలబడాలి, రక్తపరీక్ష కాగితం కోసం మర్నాడు మళ్ళీ రావాలి. అదంతా ఓర్చుకున్నా చివరకు వైద్యుడు ఒక జబ్బు పేరు చెబుతాడేమో అన్న భయం ఒకటి మిగులుతుంది. మా ఇంట్లో పెద్ద అడ్డు ఆ భయమే.

దగ్గు నాలుగు వారాలు దాఁచి యుంచి
తుదకు నెత్తురు గనఁబడఁ దొట్రుపడిన
తండ్రి! లోలోన దాగునే? తగదు, వెలికి
వైద్యుఁ జూచిన రోగంబు వచ్చు నిజము.

కందుకూరు మాస్టారు:
అమ్మా, 'వెలికి వచ్చు' అన్న ఆ జంటను పై పాదంలో ఒక మాట, కింది పాదంలో ఒక మాటగా విడదీసి, నడుమ వైద్యుణ్ణి నిలబెట్టావు. లేని రోగం వస్తుందని జనం భయపడే వాక్యాన్నే, ఉన్న రోగం బయటపడుతుందనే వాక్యంగా మార్చావు. ఇచ్చిన పాదాన్ని తప్పించుకోకుండా ఒప్పించిన పూరణ ఇంతవరకు ఇదొక్కటే.

ఉదయగిరి దుర్గం:
పద్యం నిజంగా బాగుంది. ఒక్క సవరణ చెప్పమంటారా? రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోవాలని క్షయ నిర్మూలన కార్యక్రమం వారు గోడల మీద కూడా రాస్తున్నారు. నాలుగు అనడంవల్ల చదివేవారు నాలుగు వారాలు ఆగవచ్చునని అనుకునే ప్రమాదం ఉంది. 'దగ్గు రెండు వారాలుగ దాఁచి యుంచి' అన్నా గణాలకు లోటు రాదు, యతికీ లోటు రాదు.

గుండ్లకమ్మ:
మీ పాదం నడుస్తుంది దుర్గం గారూ. అయినా నేను నాలుగునే ఉంచుకుంటాను. రెండు వారాలకే వెళ్ళిన తండ్రి మీద ఈ పద్యం అక్కర లేదు. మా నాయన చీమకుర్తి గ్రానైటు గనుల్లో రాయి కోసే పని చేశారు. దగ్గు వస్తే, "దుమ్ము దగ్గులే, పని మానితే అదే పోతుంది" అనేవారు. ఆ మాటలో సగం నిజం ఉండడమే మమ్మల్ని మోసగించింది. రాతి దుమ్ము ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. అది ఉన్నవారికి క్షయ సోకే అవకాశం మామూలు మనుషులకన్నా చాలా ఎక్కువ. ఒక దగ్గు వెనుక ఇంకొక దగ్గు దాక్కోగలదని మాకు తెలియలేదు. ఆయన తువ్వాలు అంచును లోపలికి మడిచి, బోరింగు దగ్గర తానే సబ్బుపెట్టి ఉతుక్కునేవారు. ఎన్నడూ తన బట్ట తాను ఉతుక్కోని మనిషి అలా ఎందుకు చేస్తున్నాడని అమ్మ ఆ మడత విప్పి చూసినప్పుడు మరక కనబడింది.

మైపాడు కెరటం:
గుండ్లకమ్మ గారూ, ఇప్పుడు నాన్నగారు ఎలా ఉన్నారు?

గుండ్లకమ్మ:
కఫంలో క్షయ క్రిములు ఉన్నాయని తేలింది. మందులకు లొంగే క్షయే కాబట్టి ఆరు నెలల మాత్రలు ఇచ్చారు, పూర్తిచేశారు, క్షయ తగ్గింది. మాత్రలకు రూపాయి అడగలేదు. పైగా పోషకాహారానికి ప్రభుత్వం నెలనెలా కొంత బ్యాంకు ఖాతాలో వేస్తుంది. అది మొదట 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1000 అయింది. ఖర్చుకు భయపడి దాచానని ఆయన అన్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఆయాసం మాత్రం ఉంది, అది దుమ్ముది.

వింజమూరు వెన్నెల:
నమస్కారం. ఇక్కడ నాకిది మొదటి పద్యం.

కుక్క కాటుకుఁ గారంబు కొంత పూసి
బొడ్డు చుట్టును సూదుల పోటు లనుచు
భయపడిన తండ్రి బిడ్డతోఁ జెప్పె నిట్లు:
వైద్యుఁ జూచిన రోగంబు వచ్చు నిజము.

ఉదయగిరి దుర్గం:
స్వాగతం అమ్మా. మొదటి రెండు పాదాలూ నిర్దోషంగా ఉన్నాయి. మూడవ పాదంలో 'భ'కు 'జె' పొసగదు. 'బిడ్డతోఁ బలికె నిట్లు' అంటే సరిపోతుంది.

వింజమూరు వెన్నెల:
'భయపడిన తండ్రి బిడ్డతోఁ బలికె నిట్లు' అని మార్చాను, గురువుగారూ. ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నాకు ఈ విషయం రోజూ ఎదురవుతుంది కాబట్టి ఇంకొక మాట చెప్పనివ్వండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారనే భయం పాత కాలపు టీకా నాటిది. ఆ టీకా పోయి ఏళ్ళు గడిచినా భయం మాత్రం పోలేదు. ఇప్పుడు సూది చేతికే వేస్తారు. మొదటి రోజున, ఆ తరువాత 3, 7, 28 రోజులకు వస్తే చాలు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. కాటుకు చర్మం చీలి నెత్తురు వస్తే గాయం చుట్టూ వేసే మందు వేరే ఉంటుంది. కారం, సున్నం, పసరు ఏదీ పూయకుండా, కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయాన్ని కడిగి బిడ్డను తీసుకురావాలి. రేబిస్ లక్షణాలు కనబడిన తరువాత బతికించడం దాదాపు అసాధ్యం. అందుకే నా పద్యంలోని తండ్రిని నేను తిట్టలేకపోయాను. అతడు బిడ్డకు నొప్పి తప్పించాలనే చూశాడు.

కందుకూరు మాస్టారు:
వెన్నెలమ్మా, 'కారంబు కొంత పూసి' అన్నచోట మంట చదివేవాడికి తగిలింది. ఇంక నా పూరణ కూడా ఒకటి సభ్యుల ముందు ఉంచుతున్నాను.

పుండు మానక యున్నను బొలము విడరు;
చక్కెరెంతో పరీక్షించు జాడ లేదు;
తాళ వలదిఁక, మందుతో దారి కపుడు
వైద్యుఁ జూచిన రోగంబు వచ్చు నిజము.

ఉదయగిరి దుర్గం:
తాళంచెవి ఒక్కటే కాకూడదని చెప్పిన మాస్టారు, గుండ్లకమ్మ గారి 'వెలికి' ఉన్న చోటనే 'దారికి' పెట్టి, అదే తలుపును అదే చెవితో తెరిచారు. ఈ సంగతి సభ్యులు గమనించాలి.

కందుకూరు మాస్టారు:
తాళంచెవి ఆ అమ్మాయిదేనని ఒప్పుకోవడానికి నాకు ఏ ఇబ్బందీ లేదు. నేను దాన్ని వాడింది వేరే గది కోసం. దాగిన జబ్బును వెలికి తేవడం ఆమె చెప్పింది. వెలికి వచ్చిన జబ్బు మాట వినేలా చేయడం నేను చెప్పాలనుకున్నాను. షుగరు ముదిరినవారికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. మడిలో గాజుపెంకు దిగినా, తుమ్మముల్లు విరిగినా నొప్పి తెలియదు. "నొప్పే లేదు, చిన్న పుండు, కోతలయ్యాక చూద్దాం" అంటారు. నొప్పి లేకపోవడమే అక్కడ అపాయమని ఇంటివారికి ఎవరు చెబుతారు? నా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు తండ్రిని కోతల తరువాతే తీసుకువెళ్ళాడు. బొటనవేలితో పోవలసింది మోకాలి కింది దాకా వెళ్ళింది.

ఉదయగిరి దుర్గం:
విషయం గురించి నాకు మరొక మాట లేదు మాస్టారూ, మీతో ఏకీభవిస్తున్నాను. అయితే ఇంత బరువైన పద్యంలో 'అపుడు' అనే పూరకాన్ని ఎలా ఉండనిచ్చారు? గణం నింపడం తప్ప అది చేస్తున్న పని ఏదీ లేదు. రెండు అచ్చులు మార్చి చూడండి: 'దారి కిపుడె'. అప్పుడు 'ఇపుడె వైద్యుఁ జూచిన' అని కింది పాదంతో కలుస్తుంది. కోతల తరువాత కాదు, ఇప్పుడే.

కందుకూరు మాస్టారు:
దుర్గం గారూ, ఇది మీరు నా పద్యానికి ఇచ్చిన దానం. స్వీకరిస్తున్నాను.

పుండు మానక యున్నను బొలము విడరు;
చక్కెరెంతో పరీక్షించు జాడ లేదు;
తాళ వలదిఁక, మందుతో దారి కిపుడె
వైద్యుఁ జూచిన రోగంబు వచ్చు నిజము.

నిర్వాహకులు:
మాస్టారి పద్యాన్ని ఈ సవరణతోనే, దుర్గం గారి పేరు కూడా చేర్చి, ఈ వారపు సంచికలో ఉంచుతున్నాము. మొదటి స్థానం మాత్రం 'వెలికి'దే. వెన్నెల గారి పద్యాన్ని, కింద వారు చెప్పిన సూదుల రోజులతో సహా, వింజమూరు ఆరోగ్య కేంద్రం గోడకు అంటించడానికి పెద్ద అక్షరాలతో అచ్చు వేయిస్తాము. అనుమతి వారు అడిగి చెప్పగలరు.

వింజమూరు వెన్నెల:
రేపే అడుగుతాను. యతి సవరించిన పాఠమే వేయించండి.