ఆ కథ పాత ప్రతుల్లో లేదని ఆదివారం ఆరాధనలో చెప్పవచ్చా?

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు దగ్గర):
అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా గుడిలో జరిగిన దాని మీద మీ అభిప్రాయం కావాలి. వేదాంత కళాశాలలో 30 ఏళ్లు కొత్త నిబంధన బోధించి పదవీ విరమణ చేసిన ప్రొఫెసర్ గారు మా ఊరి బిడ్డే. వాక్యం చెప్పడానికి వచ్చారు. యోహాను 8వ అధ్యాయం, వ్యభిచారంలో పట్టుబడిందని జనం రాళ్లతో కొట్టబోతే యేసు విడిపించిన స్త్రీ కథ. ఎవరూ అడగకుండానే మధ్యలో ఆగి, "ఈ 12 వచనాలు మనకు దొరికిన అతి పాత గ్రీకు చేతిరాత ప్రతుల్లో లేవు" అన్నారు. విసనకర్రలు ఆగిపోయాయి. ముందు వరసలో ఒక పెద్దాయన బైబిలు మూసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆరాధన ముగియగానే సంఘ పెద్దలు కూర్చుని, ఇక మీదట ఆయనను వేదిక ఎక్కించవద్దని తీర్మానించారు. మా పాస్టరు అయ్యగారు అవునని గానీ కాదని గానీ అనలేదు. నా మటుకు, ఆయన చెప్పాల్సిందే చెప్పారు. మీరేమంటారు?

కోశాధికారి:
నేను ఆ తీర్మానం చేసినవాళ్లలో ఒకణ్ణి. మీరెవరో కూడా నాకు తెలుసు, సరే. ఆయన చెప్పింది నిజమా కాదా అన్నది నా ప్రశ్న కాదు. మా గుడికి వచ్చేవాళ్లలో సగం మంది కూలికి వెళ్లేవాళ్లు. వారానికి ఒక పూట ధైర్యం కోసం వచ్చినవాళ్ల నెత్తిన ఈ ప్రతుల గొడవ ఎందుకు? పౌలు తన ఉత్తరంలో రాసినట్టు, కొరింథు సంఘంవాళ్లకు పాలే, అంటే తేలిక బోధే, పోశాడు గానీ అన్నం పెట్టలేదు. "మీ పుస్తకం మార్చేశారట కదా" అని ఎదురింటివాళ్లు ఎప్పటి నుంచో దెప్పుతున్నారు. వాళ్ల తరఫున మన ప్రొఫెసరే సాక్ష్యం చెప్పినట్టయింది. అదీ మైకులో.

గ్రీకులో తప్పినవాడు (కర్నూలు):
నేను ఆయన శిష్యుణ్ణి. బి.డి. అనే వేదాంత డిగ్రీలో, కొత్త నిబంధన మూలభాష అయిన గ్రీకును రెండోసారి రాసి గట్టెక్కాను. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన మాకు ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకంలోంచి గ్రీకు నేర్పడమంటే చీకట్లో చీకటి. మొదటి నెలంతా లూఓ, లూఎయిస్, లూఎయి, అంటే విప్పుతాను, విప్పుతావు, విప్పుతాడు. ఒకరోజు ఆయన బోర్డు మీద "డు, ము, వు, లు" అని రాశారు. "గ్రీకుకు విభక్తులున్నాయి, మీకూ ఉన్నాయి. భయపడాల్సింది ఇంగ్లీషువాళ్లు" అన్నారు. ఆ రోజుతో నాకు కొంత దారి కనిపించింది.

ఆయన గ్రీకు నిబంధనకు పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఉండేది. పేజీలో పైన మూలం, అడుగున చీమల బారులా ఏ ప్రతిలో ఏ మాట ఉందో తెలిపే గుర్తులు. యోహాను 7 చివర జంట బ్రాకెట్లు మొదలై 8:11 దగ్గర ముగుస్తాయి. 4వ శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతులు రెండింటిలోనూ ఆ భాగం లేదు. వాటికన్నా పాతవైన రెండు పపైరస్ (నీటిగడ్డి కాగితం) ప్రతుల్లోనూ లేదు. బేజా అనే తర్వాతి ప్రతిలో ఉంది. కొన్ని ప్రతుల్లో అయితే ఇదే కథ లూకా 21 చివర కనిపిస్తుంది. "కరువుకు ఊరు మారిన కుటుంబం" అనేవారు ఆయన.

వారమంతా ఆయనకు జవాబు పత్రాలు, సిద్ధాంత గ్రంథాల దిద్దుబాటు, శనివారం రాత్రి బస్సు, ఆదివారం ఏదో ఒక పల్లెలో ప్రసంగం. ఇంగ్లీషులో రాసిన వ్యాసాలు ఊళ్లో ఎవరికీ చేరలేదు. ఊళ్లో చెప్పినవి కళాశాలలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మా ఫీజు కట్టి పంపింది సంఘాలే కదా, నేర్చుకున్నది వాళ్లకే దాచిపెట్టమంటే ఎలా?

కోశాధికారి గారూ, ఆ "అన్నం" గ్రీకులో "బ్రోమా", తినే పదార్థం అని మాత్రమే. అన్నం వండింది మన అనువాదకులు. సీమవాళ్లు అనువదించి ఉంటే సంగటి అయ్యేది. పైగా పౌలు ఆ మాట అన్నది పాలు మంచివని కాదు, ఇంకా ఎదగలేదేమని మందలిస్తూ.

పద్యాల పంతులు (కడప):
నేను క్రైస్తవుణ్ణి కాను, తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. ఈ ప్రతులు పోల్చే పని కడపకు కొత్త కాదు. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి చేయించింది అదే. ఆయన అచ్చు వేయించిన వేమన పద్యాలు 1829లో 693, 1839లో 1164. మకుటం తగిలిస్తే ఎవరి పద్యమైనా వేమనదైపోతుంది. ఏది ఎవరిదని అడిగినంత మాత్రాన వేమన తగ్గలేదు.

కోశాధికారి:
పంతులు గారూ, ఒక పద్యం వేమనది కాదంటే ఎవరి నిద్రా చెడదు. ఈ మధ్యనే బాప్తిస్మం పొందిన కుర్రవాడు గుడి మెట్ల మీద నన్ను ఆపి, "అయితే మిగతావి?" అన్నాడు. ఏమని చెప్పమంటారు? ప్రొఫెసర్ గారు అప్పటికే బస్సెక్కారు.

స్త్రీల మైత్రి (అనంతపురం):
ఇంతమంది మాట్లాడారు, ఆ స్త్రీ ఊసు ఎవరూ ఎత్తలేదు. భార్యలకు పాపం చేయడానికి అలుసు దొరుకుతుందన్న భయంతో కొందరు ఈ కథను తమ ప్రతుల్లోంచి తీసేశారని పాతకాలపు బిషప్పు అగస్టీను అనుమానించాడు. అది తర్వాత చేరిందనే పండితుల్లో ఎక్కువ మంది అంటారు, ఒప్పుకుంటాను. కానీ ఈ కథంటే మగవాళ్లకు భయం ఉందని ఆ బిషప్పుకు అప్పుడే తెలుసు.

మా కూడికకు ఒకామె వస్తుంది. అత్తింటివాళ్లు అనరాని మాటలని బయటికి నెట్టారు. చదువు రాదు. ఈ కథ చదివించుకుని, ఒక వచనం దగ్గర ఆపి, తన వేలు అక్కడ పెట్టించుకుంది. ఇప్పుడు ఆ చోటు తనే వెతుక్కుంటుంది. అలాంటి ఆమె చాప మీద కూర్చుని ఉన్నప్పుడు "పాత ప్రతుల్లో లేదు" అనాలంటే, తర్వాతి మాట కూడా నోట్లో సిద్ధంగా ఉండాలి. చెప్పడం తప్పు కాదు. చెప్పి బస్సెక్కడం తప్పు.

పెన్నా ఒడ్డు:
ఇదంతా ఫోనులో ప్రొఫెసర్ గారికి చదివి వినిపించాను. గ్రీకు దగ్గర నవ్వారు. చివరిది రెండుసార్లు చదివించుకున్నారు. "ఆమె వేలు పెట్టిన వచనం ఏది?" అని మాత్రం అడిగారు. అక్కా, చెబుతారా? మళ్లీ వస్తానంటున్నారు, ఆ కుర్రవాడి కోసం. ఈసారి రాత్రికి ఇక్కడే ఉంటారట.

కోశాధికారి:
శనివారం సాయంత్రం, గుడి వసారాలో అయితే నాకు అభ్యంతరం లేదు. కుర్రవాణ్ణి నేనే తీసుకువస్తాను. మైకు మాత్రం పెట్టవద్దు.