పదవీ విరమణ తర్వాత కూడా బులెట్ వదలని మా నాన్నగారిని ఆపాలా, వద్దా?

ప్రశ్న: ఓరుగల్లు ఆడపడుచు

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1986లో కానిస్టేబులుగా చేరి, రెండేళ్ల క్రితం 61వ ఏట ఏఎస్ఐ హోదాలో పదవీ విరమణ చేశారు. ఆయన సర్వీసులో సుమారు 27 ఏళ్లు బండి మీదే గడిచాయి. మొదట స్టేషన్ బీటు, తర్వాత హైదరాబాద్ ట్రాఫిక్, నడుమ కొన్నేళ్లు పెద్దల కాన్వాయ్‌ల ముందు పైలట్ డ్యూటీ. విరమణ సభలో శాలువా కప్పించుకుని ఫొటోలు దిగాక, ఆయన నేరుగా శాఖ బండ్లను చూసుకునే ఎంటీ సెక్షన్‌కు వెళ్లి తన పేర ఉన్న బండిని అప్పగించి, లాగ్ బుక్కులో చివరి రీడింగు రాసి సంతకం చేసి, ఆటో ఎక్కి ఇంటికి వచ్చారు. ఆ రాత్రి అన్నం కలుపుకొని కూడా తినకుండానే చేయి కడుక్కున్నారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నెల తిరగకముందే చేతికొచ్చిన డబ్బులోంచి కొంత తీసి, కుడికాలి గేరున్న పాత బులెట్ ఒకటి కొన్నారు.

ఇప్పుడు వారానికి రెండుసార్లు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, ఒకసారి రామప్ప దాకా, ఒకసారి లక్నవరం దాకా ఒంటరిగా వెళ్లి వస్తున్నారు. పోయిన నెల కిక్కు కొడుతుండగా అది ఎదురు తన్ని చీలమండ వాచింది. బెంగుళూరులో ఉన్న మా అన్నయ్య బండి అమ్మేయమంటున్నాడు. అమ్మ ఎటూ చెప్పదు. ఎండలో, పొగలో, దుమ్ములో అన్నేళ్లు తిరిగిన మనిషికి బండి మీద మొహం మొత్తాలి కదా, ఈ మోజు ఎందుకు తీరలేదో నాకు అర్థం కావడం లేదు. యూనిఫాంలో ఏళ్ల తరబడి బండి నడిపినవారు గాని, ఇంట్లో అలాంటి పెద్దలు ఉన్నవారు గాని దయచేసి చెప్పండి: మేము ఆయనను ఆపాలా?

జవాబు 1: బెజవాడ పాత బండి

అమ్మా, నేను విజయవాడలో హెడ్ కానిస్టేబులుగా చేసి విరమణ పొందినవాడిని. ముందు ఆ ఎదురుతన్ను సంగతి చూద్దాం, ఎందుకంటే అది వయసు వల్ల వచ్చిందని మీ అన్నయ్య అనుకుంటూ ఉండవచ్చు. పాత బులెట్‌లో కిక్కు ఎదురు తన్నడానికి ఇగ్నిషన్ టైమింగ్ (ఇంజనులో నిప్పురవ్వ పుట్టే సమయం) ముందుకు జరిగి ఉండటమో, పిస్టన్ పైకొస అందుకోకముందే తొందరపడి కొట్టడమో ఎక్కువగా కారణమవుతుంది. మాకు నేర్పిన పద్ధతి ఇది: తాళం తిప్పి, కిక్కును చేతితో తలుపు తోసినంత మెల్లగా కాలితో నొక్కుతూ హెడ్‌లైట్ దగ్గరి ఆమీటరు (కరెంటు కొలిచే మీటరు) ముల్లును చూడాలి. ముల్లు పక్కకు వాలి తిరిగి నడిమికి వచ్చిన క్షణాన, ఎడమచేతి వైపు ఉండే, ఇంజనులో ఒత్తిడి వదిలించే చిన్న డీకంప్రెషన్ మీటను పట్టుకొని కిక్కును మరి కాస్త కిందికి జరిపి, మీట వదిలి, కిక్కును పూర్తిగా పైకి రానిచ్చి, అప్పుడు వెనుకాడకుండా ఒక్కటే తన్ను. సగం మనసుతో కొట్టినవాడినే అది తిరిగి తంతుంది. మీ నాన్నగారికి ఇది తెలియదని నేను అనను, ఇరవై ఏడేళ్లు చేసిన మనిషి. కాబట్టి ఒకసారి ఆ నిప్పురవ్వకు కారణమైన కాంటాక్టు పాయింట్ల గ్యాపు, టైమింగు చూపించండి. అవి కుదిరాక కూడా తంతే అప్పుడు వయసు గురించి మాట్లాడుకుందాం.

ఇక మోజు ఎందుకు తీరదని అడిగారు. మా తరానికి పోలీసు అంటే బులెట్ అన్న భావన ఊరికే రాలేదు. 1950లలో సరిహద్దు గస్తీకి పనికొచ్చే బండి కోసం ప్రభుత్వం వెతికి ఈ 350 సీసీ బండినే ఎంచుకున్నది. 1955లో ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాక, మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో ఇది ఇక్కడి బండి అయిపోయింది. నేను చిన్నప్పుడు మా ఊళ్లో ఆ చప్పుడు వినబడితే పేకాట ముక్కలు బావిలో పడేవి. ఆ చప్పుడు కోసమే నేను ఖాకీ వేసుకున్నానంటే నవ్వకండి.

చేరాక తెలిసింది, చప్పుడు వేరు, పని వేరు అని. పోలీసు బండి పనిలో వేగం చాలా తక్కువ. 2016 కృష్ణా పుష్కరాల పన్నెండు రోజులూ ఘాట్ల దారుల్లో నేను బండి దిగింది తక్కువే, రెండో గేరు దాటింది అంతకంటే తక్కువ. తలమీద మూటలు, చంకలో పిల్లలు, చేతికర్రలతో వచ్చే జనం మధ్య, కాలు కింద పెట్టకుండా, ఎవరి పాదం తొక్కకుండా, సగం క్లచ్ మీద బండిని నడిపిస్తూ, ఒక చెవి వైర్‌లెస్ సెట్టుకు ఇచ్చి సాగాలి. తొడల మధ్య ఇంజను సెగ, పైన ఆగస్టు ఉక్క. నడుము నొప్పి నాకు అక్కడి నుంచే మొదలైంది. అయినా సాయంత్రం బండి స్టాండు వేసేటప్పుడు, ఇవాళ ఎవరికీ తగలకుండా తెచ్చాననే తృప్తి ఉండేది చూడండి, అది మరునాడు మళ్లీ బండెక్కించేది.

ఒక తప్పు కూడా చెప్పుకుంటాను. కుడి గేరు బండ్లు పోయి ఎడమ గేరు బండ్లు వచ్చిన కొత్తలో, బ్రేకు అనుకొని గేరు తొక్కి, మేము పెట్టిన బారికేడ్‌నే నేను గుద్దాను. జనమంతా చూశారు. చేతికి కాలికి ఒకసారి పట్టిన అలవాటు ఎంత లోతుగా పాతుకుంటుందో ఆ రోజే తెలిసింది. మీ నాన్నగారు ఏరికోరి కుడి గేరు బండినే కొన్నారంటే దానికి ఇదే కారణం అయి ఉంటుంది. ఆపకండి. అయితే చీకట్లో బయలుదేరడం మాత్రం మాన్పించండి.

జవాబు 2: కరీంనగర్ కొడుకు

పైవారి అనుభవం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మా నాన్న కూడా ఇదే శాఖ, ఇదే మోజు. ఆయన 66వ ఏట తుంటి ఎముక విరిగింది. రోడ్డు మీద కాదు, మా ఇంటి గేటు లోపల, బండిని మెయిన్ స్టాండు వేస్తుండగా. నూట అరవై కిలోలు దాటిన బండి ఒకవైపు ఒరిగింది, పాత అలవాటు కొద్దీ ఆయన దాన్ని వదలకుండా పట్టుకున్నారు. యాభై ఏళ్లప్పుడు ఆగే బండి అరవై ఆరులో ఆగలేదు. నడపడంలో ఆయనకు ఏ లోపమూ లేదు, ఒంట్లో బలం తగ్గిందన్న కబురు మాత్రం చేతులకు అందలేదు.

అందుకే నా సలహా వేరు. 2019 సవరణ తర్వాత 55 ఏళ్లు దాటినవారికి లైసెన్సును ఐదేళ్లకొకసారి పొడిగిస్తున్నారు, దానికి ఫారం 1ఏ వైద్య ధ్రువపత్రం కావాలి. మనలో చాలామంది దాన్ని సంతకం కోసం తెచ్చుకునే కాగితంగానే చూస్తారు. మీరు అలా చూడకండి. కంటి వైద్యుడి దగ్గరకు నిజంగా తీసుకువెళ్లండి, శుక్లాలు మొదలై ఉంటే ఎదుటి లారీ లైటు చూపును ఎలా కప్పేస్తుందో అడిగి తెలుసుకోండి. బీపీ మాత్రలు వేసుకుంటుంటే, లేచి నిలబడినప్పుడు కళ్లు తిరుగుతున్నాయో లేదో కనుక్కోండి. ఆ పరీక్షల్లో నెగ్గితే తొక్కనివ్వండి. నెగ్గకపోతే ఎంత బాధ కలిగినా తాళం తీసుకోండి. మా నాన్న ఇప్పుడు వాకర్ పట్టుకొని వాకిట్లో ఆ బండిని తుడుస్తారు, ఆ దృశ్యం మీకు వద్దు.

జవాబు 3: శాక్రమెంటో తెలుగువాడు

నేను కాలిఫోర్నియాలో ఉంటున్నాను. మా పక్కింటాయన ఇక్కడ ఇరవై ఏళ్లకు పైగా పోలీసు మోటారు అధికారిగా చేసి విరమించారు. ఇక్కడ వాళ్లను ‘మోటార్స్’ అంటారు. అమెరికాలో ఈ సంప్రదాయం చాలా పాతది, 1908లోనే డెట్రాయిట్ పోలీసులకు హార్లే బండి అందింది. ఆయనతో ఎన్నోసార్లు మాట్లాడాను కనుక, బెజవాడ పెద్దాయన చెప్పిన మాట ఈ దేశంలోనూ అక్షరాలా నిజమని రాయాలనిపించింది.

ఇక్కడ బండి ఎక్కాలంటే మామూలు పోలీసు శిక్షణ చాలదు. చాలా చోట్ల సుమారు రెండు వారాలు, 80 గంటల ప్రత్యేక శిక్షణ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం వేగంగా నడపడం కాదు, మెల్లగా నడపడం. మైదానంలో నారింజ రంగు ప్లాస్టిక్ శంకువులు వరుసలుగా పేర్చి, మూడు వందల యాభై కిలోలు దాటే బండిని వాటి మధ్య ఇరుకు వలయంలో ఒక చుట్టు తిప్పి బయటికి తెమ్మంటారు. క్లచ్ పూర్తిగా పట్టకుండా, పూర్తిగా వదలకుండా మధ్యలో ఆడిస్తూ, వెనుక బ్రేకును తేలికగా అదిమి ఉంచుతూ తిప్పాలి. వాళ్లు దాన్ని ఫ్రిక్షన్ జోన్ అంటారు, మనవాళ్లు సగం క్లచ్ అంటారు, అంతే తేడా. ఆయన ఒకసారి తన ఇంటి ముందు ఖాళీ స్థలంలో నన్ను ప్రయత్నించమన్నారు. నేను శంకువును తప్పించుకోవాలని దాన్నే చూస్తూ సరిగ్గా దాని మీదికే వెళ్లాను. బండి పడింది. ఆయన లేవనెత్తలేదు. వీపు సీటుకు ఆనించి, రెండు చేతులతో హ్యాండిలు, వెనుక కడ్డీ పట్టుకొని, నడుముతో కాకుండా కాళ్లతో వెనక్కి నడుస్తూ లేపమన్నారు. శిక్షణలో పడేసినవాడే లేపుకోవాలట. కరీంనగర్ సోదరుడు చెప్పిన తుంటి సంగతి చదవగానే నాకు ఇది గుర్తొచ్చింది. ఒరిగిపోతున్న బండిని పట్టుకోవద్దు, వదిలేసి పక్కకు తప్పుకో అని ఆయన పదేపదే అనేవారు. ఇది మీ నాన్నగారికి తప్పక చెప్పండి.

విరమించాక ఏం చేస్తారన్నది మీ అసలు చింత. ఇక్కడ బ్లూ నైట్స్ అనే సంఘం ఉంది, 1974లో మెయిన్ రాష్ట్రంలోని బ్యాంగర్‌లో కొద్దిమంది పోలీసులు మొదలుపెట్టారు, ఇప్పుడు అనేక దేశాల్లో శాఖలున్నాయి. ఉద్యోగంలో ఉన్నవారు, విరమించినవారు కలిసి తిరుగుతారు. మా పక్కింటాయన దానితోనే ఆదివారాలు గడుపుతారు. ఆయనకు 71 ఏళ్లు. భారీ బండి అమ్మేసి తేలిక బండి కొన్నారు, వానలో వెళ్లరు, ఒంటరిగా వెళ్లరు. ఈ షరతులు ఆయన భార్య పెట్టినవి కావు, ఆయన పెట్టుకున్నవే. పెద్దవాళ్లతో వ్యవహారం ఇక్కడే తేలుతుంది: మనం పెట్టిన షరతును తప్పించుకుంటారు, తాము పెట్టుకున్నదాన్ని నిలబెట్టుకుంటారు.

జవాబు 4: నీలి చొక్కా చెల్లెలు

అక్కా, నేను హైదరాబాద్‌లో మహిళా కానిస్టేబులును, వీధుల్లో బండ్ల మీద గస్తీ తిరిగే బ్లూ కోల్ట్స్‌లో చేశాను. 2018 గణతంత్ర దినోత్సవ కవాతులో బీఎస్ఎఫ్ మహిళల సీమా భవాని బృందం బులెట్ల మీద చేసిన విన్యాసాలు టీవీలో చూసి బండి నేర్చుకున్నదాన్ని. నాకు నేర్పింది విరమణకు దగ్గరపడిన ఒక ఏఎస్ఐ గారు. గణేశ్ నిమజ్జనం రోజున చార్మినార్ నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా జీపు కదలనే కదలదు, బండి మాత్రమే పోతుంది. ఆ రోజు ఎదుటి మనిషి ఎటు అడుగు వేస్తాడో అతని కాళ్లను కాక భుజాలను చూసి తెలుసుకోమని ఆయన చెప్పింది ఏ క్లాసులోనూ చెప్పలేదు. మీ నాన్నగారి దగ్గర కూడా అలాంటివి ఎన్నో ఉంటాయి. బ్రిటన్‌లో బైక్‌సేఫ్ పేరుతో పోలీసు రైడర్లే మామూలు జనం వెంట బండి మీద వెళ్లి, వాళ్ల తప్పులు చూసి చెబుతారు. మీ వీధిలో కొత్తగా బండి నేర్చుకునే నలుగురు ఆడపిల్లలను ఆయనకు అప్పగించి చూడండి. పొద్దున నాలుగున్నరకు రామప్ప వెళ్లే తీరిక ఆయనకు దొరకకపోవచ్చు.

తిరిగి: ఓరుగల్లు ఆడపడుచు

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. బారికేడ్ సంగతి విని చాలాసేపు నవ్వి, తానూ అలాంటిదే ఒకటి చేశానని, అయితే గుద్దింది బారికేడ్‌ను కాదని, ఒక అధికారి కారునని మొదటిసారి బయటపెట్టారు. కరీంనగర్ అన్నయ్య రాసింది విన్నాక మాత్రం మాట్లాడలేదు. మరునాడు తానే కంటి ఆసుపత్రికి వెళ్లి వచ్చారు, ఎడమ కంటిలో శుక్లం మొదలైందట. పాయింట్ల గ్యాపు చూపిస్తే నిజంగానే చాలా తేడా ఉంది, మెకానిక్ సరిచేసి టైమింగు పెట్టాడు.

పోయిన ఆదివారం అన్నయ్య వచ్చాడు. బండి అమ్మే మాట ఎత్తబోతే, ముందు స్టార్ట్ చేసి చూపించమన్నారు నాన్నగారు. మూడుసార్లు కొట్టినా అది దగ్గి ఊరుకుంది. ‘కాలును కాదురా, ముల్లును చూడు’ అని ఆమీటరు అద్దం మీద వేలితో తట్టి చూపించారు. ఆ తర్వాత ఇద్దరూ అరగంట సేపు ఆ బండి దగ్గరే ఉన్నారు. కంటి ఆపరేషన్ వచ్చే నెలలో. అంతవరకు బండి తాళం అమ్మ దగ్గర ఉంటుంది, ఆ మాట కూడా ఆయనే అన్నారు.