మా పట్టా భూమి కింద గ్రానైట్ ఎవరిది? కన్సెంటు రాసిమ్మంటున్నారు

టెక్కలి కుర్రోడు:
అందరికీ నమస్కారం అండి. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి పక్కన పల్లె, తాతల నాటి మెట్ట మూడున్నర ఎకరాలు, జీడిమామిడి తోట, అందులో సగం బండే. ఈ మధ్య ఒకాయన వచ్చి బండ మీద ఎర్ర పెయింటుతో గీతలు గీయించి, ఇది నీలం గ్రానైటు, మేము లీజుకి అప్లై చేసుకుంటాం మీరు కన్సెంటు రాసిస్తే ఏడాదికి ఇంత ఇస్తాం అని 100 రూపాయల స్టాంపు పేపరు చేతిలో పెట్టాడు, విస్తీర్ణం దగ్గర ఖాళీ వదిలేశాడు. నాన్నేమో కింద రాయి ఎప్పుడూ గవర్నమెంటుదేరా, ఎలాగూ తవ్వుకుంటారు వచ్చినకాడికి తీసుకుందాం అంటున్నారు. మా బావేమో అమెరికాలో భూమి కింద ఆయిల్ కూడా ఓనర్‌దే, ఇక్కడ కూడా సుప్రీంకోర్టు అదే చెప్పింది అంటాడు. 1బి, అడంగల్ (రెవెన్యూ రికార్డులు) నాన్న పేరు మీదే ఉన్నాయి కానీ రాయి గురించి వాటిలో ఒక్క ముక్క లేదు. కింద ఉన్నది ఎవరిదో ఎక్కడ చూసుకోవాలి?

ప్లీడర్ గారి అబ్బాయి:
మీ బావ చెప్పేది 2013 జులైలో వచ్చిన త్రేసియమ్మ జాకబ్ తీర్పు. కేరళ మలబారు భూముల కేసు అది. ఖనిజాలన్నీ రాష్ట్రానివే అని చెప్పే చట్టమేదీ లేదు, మామూలుగా భూమి ఎవరిదో కింద ఉన్నదీ వాళ్ళదే, చట్టబద్ధంగా తీసేసుకుంటే తప్ప అని కోర్టు అంది. ఆ "తప్ప" దగ్గరే మీరు ఆగాలి. మీ వైపు చాలా ఊళ్ళు ఒకప్పుడు జమీందారీ కదా, 1948 ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం సెక్షన్ 3(బి) చూడండి, ఎస్టేటు మొత్తం ప్రభుత్వానికి దఖలు పడిందని రాస్తూ అడవులు, చెరువులతో పాటు గనులు, ఖనిజాలు, క్వారీలు కూడా పేరు పెట్టి చెప్పారు. అంటే ఎస్టేటు గ్రామమైతే కింద రాయి మాదే అనే వాదన ప్రభుత్వానికి గట్టిగా ఉంటుంది, మొదటి నుంచీ రైత్వారీ గ్రామమైతే (జమీందారు లేకుండా రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టిన ఊరు) మీ వాదన గట్టిగా ఉంటుంది. ఒకటే తీర్పు పట్టుకుని రాష్ట్రమంతా ఒకేలా మాట్లాడేస్తుంటారు, నాకు అదే బాధ.
ఇంకో సంగతి, సొంతదారు అయినా సరే లీజు లేకుండా తవ్వకూడదు. 1957 గనుల చట్టం ప్రకారం ఐదేళ్ళ దాకా జైలు, హెక్టారుకి ఐదు లక్షల దాకా జరిమానా. రాయి మనదే కదా అని మీరే మిషన్ దింపేయకండి దయచేసి.

రిటైర్డ్ సర్వేయర్:
బాబూ, ఊరు ఎలాంటిదో తెలుసుకోవడం తేలిక. తహసీల్దార్ ఆఫీసులో మీ గ్రామానికి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (జమీందారీ రద్దయ్యాక రాసిన భూమి రిజిస్టరు) ఉంటే అది ఎస్టేటు గ్రామం, ఆర్ఎస్ఆర్ (రీసర్వే, సెటిల్మెంట్ రిజిస్టరు) ఉంటే రైత్వారీ. మీ సర్వే నంబరు ఆ రికార్డులో ఎలా ఉందో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, మీ తాతగారి పేరు పట్టాదారుగా ఉందా, లేక రాతి బంజరు అనో కొండ పోరంబోకు అనో ఉందా అన్నది అక్కడే తేలిపోతుంది. తర్వాత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) పెట్టి కొలిపించండి, ఎందుకంటే బండ మీ హద్దులో ఎంత ఉందో, పక్క పోరంబోకులో ఎంత ఉందో తేలకుండా రేటు మాట్లాడటం వేస్టు. 22ఎ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) లేదని, డి పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి) కాదని కూడా చూసుకోండి. డి పట్టా అయితే అసైన్డ్ భూముల బదిలీని నిషేధించే 1977 చట్టం అడ్డం రావచ్చు.
గనుల శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసుకి ఆర్టీఐ పెట్టండి, ఈ సర్వే నంబరు మీద ఇప్పటికే అప్లికేషన్లు, లీజులు ఏమైనా ఉన్నాయా అని. ఫీజు 10 రూపాయలే, ముందు అది పెట్టండి.

చీమకుర్తి వైపు:
అన్నా మాది ప్రకాశం, గెలాక్సీ గ్రానైటు ఊరు. కింద రాయి ఎవరిదన్నది కోర్టులు తేల్చే లోపు మన చేతిలో ఉన్న బలం కన్సెంటే, పట్టా భూమిలో అది లేకుండా వాడు ముందుకు పోలేడు. గ్రానైటు లీజంటే 1999 రూల్సు ప్రకారం 20 ఏళ్ళకి తక్కువ ఉండదు. ఏడాదికి ఇంత అని ఈరోజు రేటుకి రాసిచ్చేస్తే 20 ఏళ్ళూ అదే, వాడు మాత్రం క్యూబిక్ మీటర్ల లెక్కన అమ్ముకుంటాడు. అందుకే మీటరుకి ఇంత అని రాయించు, ప్రతి బ్లాకూ గనుల శాఖ పర్మిట్ మీదే బయటికి పోతుంది కాబట్టి పర్మిట్ల కాపీలు నెలనెలా నీకివ్వాలని కూడా రాయించు, లెక్క దాయలేరు. మా పెదనాన్న వాళ్ళ చేలో ఓవర్‌బర్డెన్ (రాయి పైనున్న మట్టి), వేస్టు రాయి అంతా తెచ్చి లీజు హద్దు బయట పోశారు, ఇప్పుడు ఆ అరెకరంలో గడ్డి కూడా మొలవదు, వేస్టు ఎక్కడ పోయాలో కాగితంలో లేకపోయేసరికి ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది దాటిన లీజు రిజిస్ట్రేషన్ చేయాల్సిందే, నోటరీతో సరిపెట్టనీయకు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అడిగితే ఇంటి గడప కూడా తొక్కనీయకు.

డెంటన్ నుంచి:
అమెరికా మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. టెక్సస్‌లో పై భూమి వేరు, కింద ఖనిజం హక్కు వేరు, విడివిడిగా అమ్ముకోవచ్చు, దాంతో ఇక్కడ ఇల్లు కొన్న మనవాళ్ళలో చాలామందికి కింద గ్యాసు మీద హక్కే ఉండదు, ఎప్పుడో పాత ఓనరు దస్తావేజులో ఉంచేసుకుని ఉంటాడు. కౌంటీ క్లర్క్ ఆఫీసులో ఒక్కో దస్తావేజు వెనక్కి వెతుక్కుంటూ పోతే గానీ తెలీదు. ఖనిజం హక్కున్నవాడు తవ్వడానికి పై నేల అవసరమైనంత వాడుకోవచ్చు కూడా. కాబట్టి బావగారు అనుకున్నంత సుఖంగా ఇక్కడ కూడా లేదు.

టెక్కలి కుర్రోడు:
చాలా థాంక్స్ అండి, నాన్నకి అన్నీ చదివి వినిపించాను. ఒక డౌటు, ఎస్టేటు గ్రామం అని తేలితే ఇక కన్సెంటుకి విలువ ఉండదా?

ప్లీడర్ గారి అబ్బాయి:
ఉంటుందండి. కింద రాయి ఎవరిదైనా పైన తోట, నేల మీదే, పట్టాదారు ఒప్పుకోకుండా మీ చేలో క్వారీ పెట్టనీయడం మామూలుగా కుదరదు. సీనరేజీ (తవ్విన రాయి మీద కట్టే రుసుము) మాత్రం ప్రభుత్వానికి పోతుంది, మీకు వచ్చేది నేల వాడుకున్నందుకు. జీడిమామిడి చెట్లు ఎన్ని, ఏ వయసువి అని ఫోటోలతో ఇప్పుడే రాసి పెట్టుకోండి, నష్టపరిహారం మాట్లాడేటప్పుడు అదే అడుగుతారు. ఆ ఖాళీలున్న స్టాంపు పేపరు మాత్రం తిరిగి ఇచ్చేయండి.